ప్రశ్న ఎవరిది?

సొంతంగా ఆలోచించడం బడిలో నేర్పాలన్న మాటకు మన దేశంలో చట్టం అండ గట్టిగానే ఉంది. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చిన ప్రాథమిక విధుల్లో శాస్త్రీయ దృక్పథాన్ని, జిజ్ఞాసను పెంపొందించుకోవడం ఒకటి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షను ఇంకా తేటగా చెప్పింది: చదువు పనుల ద్వారా, అన్వేషణ ద్వారా సాగాలి, బిడ్డకు భయం ఉండకూడదు, తనకు తోచింది స్వేచ్ఛగా చెప్పగలగాలి. అదే చట్టం 17వ సెక్షను బెత్తాన్ని నిషేధించింది. 2020 జాతీయ విద్యావిధానం విమర్శనాత్మక ఆలోచన గురించి పేజీ తర్వాత పేజీ మాట్లాడింది. ఆదేశాలకు కొదవ లేదు. అవి తరగతి గది గడప దాటాక ఏమవుతున్నాయన్నదే విషయం.

ముందు ఒక గందరగోళం తీరాలి. విమర్శనాత్మక ఆలోచన అనగానే పెద్దవాళ్లకు ఎదురు చెప్పడం అనుకునేవాళ్లు ఇళ్లలోనూ ఉన్నారు, స్టాఫ్‌రూముల్లోనూ ఉన్నారు. ఎదురు చెప్పడం ఎవరికైనా వస్తుంది, దానికి బడి అక్కర్లేదు. బడి నేర్పాల్సింది ఒక మాట విన్నప్పుడు చేయాల్సిన పని: ఇది ఎలా తెలిసింది, ఎవరు చూశారు, ఇంకో కారణం ఉండవచ్చా, ఏది కంటబడితే ఈ మాట తప్పని ఒప్పుకోవాలి అని వెతకడం. ఈ వెతుకులాట చివర పిల్లవాడు పెద్దల మాటే నిజమని తేల్చుకున్నా నష్టం లేదు. తేల్చుకున్నది తనే కావాలి, అంతే.

రాయలసీమలో బడి చదువు గురించి దొరికే పాత రికార్డుల్లో ముఖ్యమైనది 1823 నాటిది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో అంతకు ముందు ఏడాది అన్ని జిల్లాల కలెక్టర్లనూ బడుల లెక్క అడిగాడు. బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ రాసి పంపిన నివేదిక అందరికంటే వివరమైనది. నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసిన ఆ జిల్లాలో 533 బడులున్నాయని, వాటిలో 226 తెలుగు బడులని లెక్క తేల్చాడు. పై తరగతి పిల్లలు కింది తరగతి వాళ్లకు నేర్పే పద్ధతిని మెచ్చుకున్నాడు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ అన్నాడు. మద్రాసులో ఆండ్రూ బెల్ చూసి ఇంగ్లండుకు పట్టుకుపోయింది ఆ పద్ధతినే. క్యాంప్‌బెల్‌కు నచ్చనిది పాఠం. మాట్లాడే భాషకు దూరమైన భాషలో ఉన్న పద్యాలు పిల్లలు వందలకొద్దీ అప్పజెప్తున్నారు, అర్థం మాత్రం చిలకకు తెలిసినంతే తెలుసు, అయ్యవారికీ ఒక్కోసారి అంతంతే అని అతని ఫిర్యాదు. పాలించడానికి వచ్చినవాడి మాట కాబట్టి కొంత తరుగు తీసి చదువుకోవాలి. అయినా వీధిబడిలో చదువుకున్న తాతలున్న ఇంట్లో ఎవరినడిగినా ఆ మాట పూర్తిగా అబద్ధమని అనరు.

దీనికంటే విచిత్రమైనది వేమన పద్యాలకు పట్టిన గతి. కులాన్ని, విగ్రహాన్ని, గురువును, తీర్థయాత్రను ఒక్కటీ వదలకుండా ప్రశ్నించిన మనిషి ఆయన. కడపలో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ ఆ పద్యాలు సేకరించి, 693 పద్యాలతో 1829లో మద్రాసులో అచ్చు వేయించాడు. ఆ తర్వాత అవి పాఠ్యపుస్తకాల్లోకి వచ్చాయి. వచ్చాక ఏం జరిగిందో తెలుగునాట చదువుకున్న ప్రతివాడికీ తెలుసు: పద్యం, ప్రతిపదార్థం, తాత్పర్యం, నాలుగు మార్కులు. ప్రశ్నించినవాడి ప్రశ్నను ప్రశ్నించకుండా అప్పజెప్పడం మన బడికి మాత్రమే సాధ్యమైన విద్య.

కంఠస్థం మీద ఇంత అలిగినా దాన్ని పూర్తిగా తీసిపారేయడం న్యాయం కాదు. ఎక్కాలు రానివాడు వడ్డీ లెక్కలో మోసాన్ని పట్టుకోలేడు. ఏమీ గుర్తులేని బుర్రలో ప్రశ్న పుట్టడానికి కూడా పునాది ఉండదు. చిక్కు వచ్చేది అప్పజెప్పడంతోనే పాఠం అయిపోయిందనుకున్నప్పుడు.

ఈ ధోరణికి ఎదురీదిన బడి ఒకటి ఈ సీమలోనే పుట్టింది. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టాడు. అప్పటికది కడప జిల్లాలోదే. చిన్నతనంలో కొంతకాలం కుటుంబం కడపలో ఉంది, తల్లి సంజీవమ్మ అక్కడే 1905లో పోయింది. బడిలో అతన్ని మందబుద్ధి కింద జమకట్టారు, పాఠం రాదని దెబ్బలు తిన్నాడు. ఏ గురువునూ, ఏ గ్రంథాన్నీ ప్రమాణంగా తీసుకోవద్దని జీవితమంతా చెప్పిన ఆయన 1926లో మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడికి నాంది పలికాడు. అది ఫీజు కట్టగలిగినవాళ్ల రెసిడెన్షియల్ స్కూలు, సర్కారు బడికి దానితో పోలిక కుదరదు. కుదిరింది దాని గ్రామీణ విభాగంతో. 1980ల చివర అక్కడి చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు పెట్టి, ఒకే గదిలో అయిదు తరగతుల పిల్లలు కూర్చునే పరిస్థితికి తగిన పద్ధతి ఒకటి తయారుచేశారు.

ఆ గదిలో గోడ మీద ఒక నిచ్చెన బొమ్మ ఉంటుంది. పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు ఒక్కో కార్డు, కార్డు మీద గుర్తు కోసం ఒక బొమ్మ. పిల్లవాడు తానెక్కడున్నాడో నిచ్చెన మీద చూసుకుని, ఆ కార్డు తనే తెచ్చుకుని, దాని ప్రకారం తన గుంపులో కూర్చుంటాడు. కొన్ని గుంపుల్లో టీచరు నేర్పుతారు, కొన్నింట్లో తోటి పిల్లలు, కొన్నింట్లో ఎవరి పని వాళ్లదే. జ్వరమొచ్చి వారం రాకపోయినా, కాయలు పీకడానికి కూలికి పోయినా, వచ్చిన రోజు వదిలిన మెట్టు దగ్గరే మొదలుపెట్టొచ్చు. ఈ ఒక్క సౌకర్యం కరువుసీమ బడికి ఎంత విలువైనదో చెప్పనక్కర్లేదు. దీన్ని చూసి కర్ణాటక 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటలో నలి-కలి మొదలుపెట్టింది. 2003లో చెన్నై కార్పొరేషను బడులు అందుకున్నాయి, తర్వాత తమిళనాడు మొత్తానికి పాకింది. మదనపల్లె నుంచి బయల్దేరిన పద్ధతి పక్క రాష్ట్రాల్లో వెలిగినంతగా సొంత రాష్ట్రంలో వెలగలేదు. పెరటి చెట్టు సామెత ఉండనే ఉంది. మెచ్చుకుంటూనే ఒకటి గమనించాలి. ఇందులో వేగం పిల్లవాడిది, ప్రశ్న మాత్రం కార్డుదే.

ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లో జరిగిన పెద్ద ప్రయత్నం ఇంకొకటి. 1980ల్లో బ్రిటన్ సాయంతో మొదలైన ప్రాథమిక విద్యా పథకాన్ని ఆనాటి పంతుళ్లు ‘ఆపెప్’ అని ఇప్పటికీ తలుచుకుంటారు. చేస్తూ నేర్చుకోవడం, చుట్టుపక్కల పరిసరాలను పాఠానికి వాడుకోవడం, గుంపుల్లో పనిచేయించడం, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించడం వంటి ఆరు సూత్రాల మీద వేలాది టీచర్లకు శిక్షణ ఇచ్చారు. కంటికి కనబడే సూత్రాలు తొందరగా అమలయ్యాయి. పిల్లలు గుండ్రంగా కూర్చున్నారు, దారాలకు బొమ్మలు వేలాడాయి. గుండ్రంగా కూర్చున్నవాళ్లు బోర్డు మీది దాన్నే ఎక్కించుకుంటుంటే తనిఖీకి వచ్చిన అధికారికి అందులో తప్పేమీ కనబడదు.

ఆ తర్వాతి అడుగు 2011 రాష్ట్ర విద్యా ప్రణాళిక. 2005 జాతీయ చట్రం దారిలో వచ్చిన ఈ పత్రం వల్ల పాఠ్యపుస్తకాలు మారాయి, నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చింది, 2015 మార్చి పదో తరగతి పరీక్షలకు ప్రశ్నపత్రం తీరే మారిపోయింది. పాఠం వెనక ఉన్న ప్రశ్నలు ఉన్నవి ఉన్నట్టు ఇవ్వకూడదన్నారు. సైన్సులో రాబట్టాల్సిన విద్యాప్రమాణాల్లో విషయావగాహన తర్వాత రెండో స్థానం ‘ప్రశ్నించడం, పరికల్పనలు చేయడం’ది. అంటే ప్రశ్నించడానికి ప్రభుత్వమే మార్కులు కేటాయించింది. ఇంత దూరం ఆలోచించిన విద్యాశాఖను మెచ్చుకోవాలి.

ఆ మార్కులు సంపాదించిన తీరును మాత్రం కాస్త దగ్గరగా చూడాలి. ఈ ప్రమాణం కింద వచ్చే ప్రశ్న సాధారణంగా ఇలా ఉంటుంది: మూత్రపిండాల డాక్టరు మీకు ఎదురుపడితే ఏమేమి అడుగుతారు, రెండు ప్రశ్నలు రాయండి. ఉద్దేశం మంచిదే. నిజంగా డాక్టరు ఎదురుపడితే కడప జిల్లా వేంపల్లె పిల్లవాడికి అడగడానికి బోలెడుంటాయి. మా నాయనకు రాళ్లు ఎందుకు పడ్డాయి, బోరునీళ్లు తాగితే పడతాయా, ఆపరేషను లేకుండా పోతాయా అని అడుగుతాడు. పరీక్ష హాల్లో అవి రాయడు. గైడులో ఆ ప్రశ్నకు జవాబుగా ఇచ్చిన రెండు ప్రశ్నలు రాస్తాడు. స్లిప్‌టెస్టులో వాటిని రాయించి చూశారు, తప్పు పోతే అయిదుసార్లు ఇంపోజిషను పడింది. జవాబులు బట్టీ పట్టే చదువును పోగొట్టాలని తెచ్చిన సంస్కరణలో పిల్లలు ప్రశ్నల్ని బట్టీ పట్టారు.

ఇందులో టీచరును నిందించి లాభం లేదు. రెండు మార్కులు ఎలా పడతాయో తెలిసీ చెప్పకపోతే నష్టపోయేది పిల్లలే. వేంపల్లె మండలంలోనే ఇడుపులపాయ ఉంది. అక్కడ 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీలో సీటు పదో తరగతి మార్కుల మీద వస్తుంది. సర్కారు బడి పిల్లలకు కొంత అదనపు ఊతం కూడా ఇచ్చారు. కూలికి పోయే ఇంటి ఆడపిల్లకు ఇంజనీరింగ్ దాకా చదివించే గేటు పది మైళ్ల లోపే తెరుచుకుని ఉంటే, ఆ గేటు తాళంచెవి మార్కులైతే, ఆ రెండు ప్రశ్నలు రాయించని పంతులునే ఊరు తప్పుపడుతుంది. ప్రాజెక్టు పనులకు, నోటుపుస్తకాలకు, బడిలో పెట్టే లఘుపరీక్షలకు ఇచ్చిన ఇంటర్నల్ మార్కులు కూడా ఎక్కువకాలం నిలవలేదు. అందరికీ నిండుగా పడుతున్నాయన్న అనుమానంతో 2019లో ఆంధ్రప్రదేశ్ వాటిని ఎత్తేసింది.

అయితే పాపఘ్ని నది ఒడ్డున ఉన్న వేంపల్లె బడికి నిజమైన ప్రశ్నలు కావాలంటే గైడు తెరవాల్సిన పని లేదు. కడప రాళ్లను చదివిన ఏ భూగర్భ శాస్త్రవేత్తకైనా ఈ ఊరి పేరు తెలుసు. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు రాళ్ల మీద రాసిన గ్రంథం నుంచి ఇక్కడి డోలమైటు, సున్నపురాతి పొరలకు ఈ ఊరి పేరే వాడుకలో ఉంది. దాని కింది గట్టి రాతికి గువ్వలచెరువు పేరు పెట్టారు. వేంపల్లె రాళ్లలో అక్కడక్కడ ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు వంపులు తిరిగిన చారలు కనిపిస్తాయి. వాటిని స్ట్రొమాటొలైట్లంటారు. లోతులేని సముద్రంలో కంటికి కనబడని సూక్ష్మజీవులు పొర మీద పొర పేర్చి కట్టినవవి, వయసు దాదాపు 190 కోట్ల ఏళ్లు. మేకలు తోలుకుపోయే పిల్లవాడు రోజూ తొక్కే రాయి అది. ‘ఇక్కడ సముద్రం ఉండేది’ అని టీచరు చెబితే అదొక పాఠం. రాయి చేతికిచ్చి, చారలు ఎటు వంగాయో బొమ్మ గీయించి, ఇవి నీళ్లలో తయారయ్యాయనడానికి ఏం ఆనవాలుందని అడిగి ఊరుకుంటే అది వేరే పాఠం. రెండోదానికి రెండు పీరియడ్లు పడుతుంది, సిలబస్ వెనకబడుతుంది.

ఊరికి దగ్గర్లోనే గండి ఉంది. శేషాచలం కొండల్ని కోసుకుని పాపఘ్ని బయటపడే చోటు, వీరాంజనేయస్వామి వెలసిన చోటు. ఆ రెండు కొండల నడుమ వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం ఉందని, అది పుణ్యాత్ములకే కనబడుతుందని, కనబడినవాళ్లు ఎక్కువ కాలం బతకరని స్థలపురాణం. మన్రో ఇటు వచ్చినప్పుడు తలెత్తి చూసి తోరణం సంగతి అడిగాడని, కొన్నాళ్లకే పోయాడని కథ. బడుల లెక్క అడిగిన ఆ మన్రోనే ఈయన. పోయింది నిజమే: 1827 జులై 6న పత్తికొండలో, కలరాతో. తొమ్మిదో తరగతికి చరిత్ర పాఠంగా దీన్ని మించింది దొరకదు. ఏది దస్తావేజులో ఉంది, ఏది నోటిమాట? ఆ ఏడాది కలరాతో పోయింది ఆయన ఒక్కడేనా? మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి మన్రోతో మాట్లాడాడన్న కథ కూడా ఉంది కదా, ఈ ఒక్క దొర చుట్టూనే ఇన్ని కథలు ఎందుకు అల్లుకున్నాయి? చివరి ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే రైత్వారీ పన్ను, సీమ రైతులు ఆయన పేరు బిడ్డలకు పెట్టుకున్న వైనం అన్నీ వస్తాయి. గుడికి పోయి దణ్ణం పెట్టుకునే పిల్లల భక్తికి ఇందులో దెబ్బ తగిలేదేమీ లేదు. కథను కథగా, రికార్డును రికార్డుగా చూడటం భక్తులకూ చేతనవుతుంది.

ఇంకా గట్టి పాఠం బోరుబావి. చీనీతోటలు నిలబడేది బోరునీళ్ల మీదే. బోరు పాయింటు పెట్టించడానికి అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేను తిరిగేవాళ్లను పిలవడం సీమంతా ఉన్న ఆచారం. టెంకాయ నిలబడిన చోట నీళ్లున్నట్టు. ఇది నిజమా అని క్లాసులో అడిగితే సగంమంది నిజమంటారు, సగంమంది మూఢనమ్మకమంటారు. రెండో సగం ఆ మాటను పుస్తకంలోంచి ఎత్తుకొచ్చింది కాబట్టి ఆలోచించడంలో ఇద్దరూ సమానమే. చేయాల్సింది లెక్క. ఎవరి వీధిలో వాళ్లు తిరిగి, ఎన్ని బోర్లు వేశారు, పాయింటు ఎవరు పెట్టారు, ఎన్ని అడుగులు దింపారు, నీళ్లు పడ్డాయా అని పట్టిక రాసుకు రావాలి. ఉదాహరణకు టెంకాయతో పెట్టినవి 40 వచ్చి, 14 పడ్డాయనుకుందాం. టెంకాయ లేకుండా వేసినవి 20 వచ్చి, 7 పడ్డాయనుకుందాం. నూటికి 35, అక్కడా ఇక్కడా ఒకటే. ఊళ్లో చెప్పుకునేది ఆ 14 గురించి. మిగతా 26 గురించి ఎవరూ మాట్లాడరని పిల్లలే కనిపెడతారు. చురుకైనవాళ్లు ఇంకో అడుగు వేస్తారు: పాత బోర్లు, కొత్త బోర్లు కలిపేస్తే లెక్క చెడుతుంది కదా సార్, అప్పుడు నీళ్లు పైనే ఉండేవి కదా అని. అక్కడికి వచ్చాక వాళ్లకు తర్కం పేరుతో వేరే పాఠం చెప్పనక్కర్లేదు. వేంపల్లె రాయి కూడా మళ్లీ పనికొస్తుంది. డోలమైటులో నీళ్లు పగుళ్లలో, తొర్రల్లో ఉంటాయి. అందుకే ఒక గట్టుకు ఇవతల వెయ్యి అడుగులు దింపినా దుమ్మే లేచి, అవతల చేలో నీళ్లు చిమ్ముతాయి. అంత అనిశ్చితి ఉన్నప్పుడు మనిషి టెంకాయ వైపు చూడటం తెలివితక్కువ అనిపించుకోదు. అప్పు తెచ్చిన డబ్బు మట్టిలోకి పోతుంటే ఏదో ఒక ఆసరా కావాలి. ఎండిన బోర్ల అప్పు మోస్తున్న ఇంటి బిడ్డ అదే క్లాసులో కూర్చుని ఉంటాడు కాబట్టి పట్టికలో ఇంటిపేర్లు రాయించకూడదు. ఇలాంటి సంగతులు ఏ శిక్షణ మాడ్యూల్లోనూ ఉండవు, టీచరు ఊరి మనిషైతేనే తడతాయి.

చివరి ప్రశ్న అన్నింటికంటే కష్టమైనది. ఇదే వేంపల్లె డోలమైటులో యురేనియం ఉంది. పక్కనున్న వేముల మండలం తుమ్మలపల్లెలో కేంద్రప్రభుత్వ సంస్థ యురేనియం కార్పొరేషన్ గని తవ్వుతోంది. వ్యర్థాల చెరువు వల్ల బోరునీళ్లు, అరటితోటలు పాడవుతున్నాయని చుట్టుపక్కల పల్లెలు, కాదని సంస్థ చాలాకాలంగా వాదించుకుంటున్నాయి. నీళ్ల నమూనా ఎక్కడ తీయాలి, గని రాకముందు ఆ నీళ్లెలా ఉండేవి, రాతిలో సహజంగా ఉన్న యురేనియం వాటా ఎంత, పరీక్ష చేసే ల్యాబు ఎవరి చేతిలో ఉంది? బోరు పట్టిక వేయగలిగిన పిల్లలు ఈ ప్రశ్నలు వేయగలరు. గనిలో ఉద్యోగం చేసేవాళ్ల పిల్లలు, తోట పోయిందనే రైతుల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. అక్కడ టీచరు సాధారణంగా పాఠం మార్చేస్తాడు. 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి కింద అతను ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించడానికి వీల్లేదు. పిల్లలు అడిగిన దానికి అతను సంజాయిషీ రాసుకోవాల్సి వస్తుందేమోనన్న భయం ఒట్టి పిరికితనం అనలేం. నోరు కట్టేసిన ఉద్యోగి చేత నోరు విప్పే చదువు చెప్పించాలని సర్కారు అనుకుంటున్నది. విధానపత్రాలు ఈ వైరుధ్యాన్ని తాకవు.

పరీక్షే మారకపోతే ఏదీ మారదని గట్టిగా నమ్మి, దాన్నే మార్చి చూసిన ప్రయత్నం దేశంలో ఒకటి జరిగింది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 సర్కారు బడులతో సైన్సు బోధనా కార్యక్రమం మొదలైంది. తర్వాత ఏకలవ్య సంస్థ నడిపింది, వందల బడులకు పాకింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పుస్తకంలో జవాబులుండేవి కావు, చేయాల్సిన ప్రయోగాలుండేవి. పిల్లలకు సొంతంగా పుట్టిన ప్రశ్నల కోసం సవాలీరాం అని ఒక ఊహాపాత్రను సృష్టించారు. కార్డు ముక్క మీద ఏది రాసి పంపినా అతని పేరు మీద జవాబు వచ్చేది. పరీక్షకు పుస్తకం, నోట్సు తీసుకుపోనిచ్చేవారు. ప్రయోగం చేసి చూపించే పరీక్ష వేరే ఉండేది. ఎప్పుడూ చూడని పట్టిక ఇచ్చి, దీన్నిబట్టి ఏం చెప్పగలవు అని అడిగేవారు. గైడు రాసేవాళ్లకు అందులో పని లేకపోయింది.

ఆ కార్యక్రమాన్ని 2002లో ప్రభుత్వం మూసేసింది. మిగతా జిల్లాల పిల్లల్లాగే అందరికీ ఒకే పుస్తకం ఉండాలన్నారు, తల్లిదండ్రులకు కూడా పై తరగతుల మార్కుల బెంగ ఉండేది. అటువంటి పరీక్షకు మన దగ్గర ఉన్న అడ్డు మరీ మామూలుది. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌లో ఒక్కో టీచరు రోజుకు నలభై దాకా పేపర్లు దిద్దాలి, పక్కన కీ ఉంటుంది. కీలో ఉన్న మాట పేపర్లో కనబడితే మార్కు. బోర్ల పట్టిక ఇచ్చి ఏం చెప్పగలవని అడిగితే నలభై పేపర్లలో నలభై రకాల జవాబులుంటాయి. ఒక్కోదాన్ని చదివి, వాదన నిలుస్తుందా లేదా అని చూడాలి. దానికి పేపర్లు సగానికి తగ్గించాలి, దిద్దేవాళ్లను రెట్టింపు చేయాలి, రీకౌంటింగుకు వచ్చినప్పుడు ఈ మార్కు ఎందుకు వేశావన్నదానికి టీచరు మాటను బోర్డు ఒప్పుకోవాలి. మొదటి రెండింటికీ కావాల్సింది డబ్బు. మూడోదానికి ఇంతవరకు ఏ జీవోలోనూ చోటు దొరకలేదు.